అలసటకు విశ్రాంతి ఒక్కటే మందు కాదు

జబ్బుపడిన మనిషిని చూడగానే ఇంటిల్లిపాదీ చెప్పే మొదటిమాట ‘కదలకుండా పడుకో’ అని. జ్వరానికీ, విరిగిన ఎముకకూ ఈ సలహా చక్కగా పనిచేస్తుంది. కాని మల్టిపుల్ స్క్లీరోసిస్ అనే నాడీవ్యాధిలో ఇదే సలహా రోగికి మేలు కంటే కీడే ఎక్కువ చేసింది. బంధువులే కాదు, వైద్యులు సైతం దశాబ్దాల తరబడి ఆ మాటే చెప్పారు. ఫలితంగా వ్యాధి తాకని కండరాలు కూడా వాడుక లేక సన్నగిల్లాయి. నడవగలిగినవారు మంచం పట్టారు. ఈనాడు అదే వ్యాధికి వ్యాయామం చికిత్సలో ఒక ముఖ్యభాగమని వైద్యశాస్త్రం అంగీకరించింది. ఇప్పుడు మిగిలిన ప్రశ్న వేరు: ఆ వ్యాయామాన్ని ఎక్కడ చేయాలి? ఎవరి కనుసన్నలలో చేయాలి? నిపుణులున్న మహానగరానికి దూరంగా బతికేవారి మాటేమిటి?

మల్టిపుల్ స్క్లీరోసిస్ అంతర్జాతీయ సమాఖ్య 2020లో వేసిన లెక్క ప్రకారం ప్రపంచంలో ఈ వ్యాధిగ్రస్తులు 28 లక్షలమంది. 2023 నాటికి ఆ లెక్క 29 లక్షలకు చేరింది. పురుషులకంటే స్త్రీలలో ఇది రెట్టింపునకు పైగా కనిపిస్తుంది. వ్యాధి బయటపడే సగటు వయస్సు 32 ఏళ్లు. అంటే ఉద్యోగంలో కుదురుకొని, పిల్లలను బడిలో వేసి, తలిదండ్రుల భారం నెత్తికెత్తుకొనే వయస్సు. ఐరోపా, అమెరికాలతో పోలిస్తే భారతదేశంలో దీని నిష్పత్తి తక్కువే. అయినా ఎం.ఆర్.ఐ. యంత్రాలు జిల్లా పట్టణాలకు చేరిన కొద్దీ, మునుపు ‘నరాల బలహీనత’ అనిపించుకొన్న కేసులు పలువురిలో తమ అసలు పేరుతో బయటికి వస్తున్నాయి.

పూత చెడిన తీగలు

మెదడు, వెన్నుపాములలోని నాడీతంతువుల మీద మైలిన్ అనే కొవ్వుపదార్థపు పూత ఉంటుంది. విద్యుత్తీగ మీది తొడుగు వంటిదే ఇది. ఈ పూత ఉన్నందువల్లనే మెదడు ఇచ్చిన ఆజ్ఞ రెప్పపాటులో కాలివేలికి చేరుతుంది. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక శక్తి దారితప్పి, ఈ పూత మీదనే దాడిచేయడం ఈ వ్యాధి స్వభావం. దాడి జరిగినచోట మచ్చ కట్టి గట్టిపడుతుంది. ‘స్క్లీరోసిస్’ అన్నమాటకు గట్టిపడడమనే అర్థం. ఆ మచ్చలు ఒకచోట కాక పలుచోట్ల ఉంటాయి కనుక ‘మల్టిపుల్’ అన్నారు.

మచ్చ ఎక్కడ పడిందన్న దానిని బట్టి లక్షణం మారుతుంది. ఒకరికి ఉన్నట్టుండి ఒక కంటిచూపు మసకబారుతుంది. మరొకరికి కాలు బరువెక్కి, చెప్పు ఊడిపోయినా తెలియదు. ఇంకొకరికి మూత్రం ఆపుకోవడం కష్టమవుతుంది. కొందరికి నడకలో తూలు వచ్చి, చూసేవారు తాగివచ్చాడని అపోహపడతారు. చాలామందిలో తొలి సంవత్సరాలలో ఈ లక్షణాలు దాడిగా వచ్చి, కొన్ని వారాలలో పూర్తిగానో, కొంతవరకో సర్దుకొంటాయి. మళ్లీ నెలలకో, ఏళ్లకో మరో దాడి వస్తుంది. 1993లో అమెరికాలో ఆమోదం పొందిన ఇంటర్‌ఫెరాన్ బీటా మొదలుకొని నేటివరకు వచ్చిన మందులు ఈ దాడుల సంఖ్యను తగ్గించాయి. కాని ఒకసారి పోయిన నడకను తిరిగి తెచ్చి ఇవ్వడం ఆ మందుల పని కాదు.

అన్నిటికంటే ఎక్కువమందిని బాధించేదీ, ఎదుటివారికి ఏమాత్రం కనపడనిదీ అలసట. రాత్రి నిండా నిద్రపోయి లేచినా, తెల్లవారి స్నానం చేసేసరికే ఒళ్లు సోలిపోతుంది. పూత పోయిన నాడి తన సందేశాన్ని పంపడానికి మామూలుకంటే ఎక్కువ శ్రమపడవలసి రావడం దీనికి ఒక కారణం. ఇది సోమరితనం కాదు, మనోదౌర్బల్యమూ కాదు. అయినా ఈ అలసటను చూసే ఇంటివారు జాలితో పడుకోమంటారు, పైఅధికారి కోపంతో పనిదొంగ అంటాడు. రెండు మాటలూ రోగిని కదలకుండా చేసేవే.

వేడి చేసిన మోసం

ఈ వ్యాధిని 1868లో స్పష్టంగా వర్ణించి, దానికొక ప్రత్యేకస్థానం కల్పించినవాడు పారిస్‌లోని ఫ్రెంచి వైద్యుడు ఝా మార్టిన్ షార్కో. ఆ తరువాత 1890లో విల్‌హెల్మ్ ఉథాఫ్ అనే జర్మన్ నేత్రవైద్యుడు ఒక వింత గమనించాడు. ఈ వ్యాధిగ్రస్తులలో కొందరికి శరీరశ్రమ చేయగానే చూపు మందగిస్తున్నది. శ్రమే దీనికి కారణమని అతడు భావించాడు. అసలు కారణం శ్రమ కాదనీ, శ్రమవల్ల శరీరంలో పుట్టే వేడి అనీ తరువాత తేలింది. శరీరపు ఉష్ణోగ్రత అర డిగ్రీ పెరిగినా చాలు, పూత చెడిన నాడిలో సందేశం తడబడుతుంది. ఒళ్లు చల్లబడగానే మళ్లీ సర్దుకొంటుంది. నాడికి కొత్తగా కలిగే నష్టమేమీ లేదు.

ఈ రెండో సంగతి కంటే మొదటి సంగతే జనానికి ఎక్కువ గుర్తుండిపోయింది. ఇరవయ్యో శతాబ్దంలో వైద్యులు రోగిని వేడినీటి తొట్టెలో కూర్చోబెట్టి, లక్షణాలు పెరిగితే వ్యాధి ఉన్నట్టు నిర్ధారించే పరీక్ష కూడా జరిపారు. అట్టి కాలంలో రోగికి ‘శ్రమపడవద్దు, శక్తిని దాచుకో’ అని చెప్పడం సహజమే. శక్తి డబ్బువంటిది కాదనీ, దాచినకొద్దీ తరుగుతుందనీ గ్రహించడానికి చాలా కాలం పట్టింది.

1996లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయానికి చెందిన జాక్ పెటాజాన్, ఆయన సహచరులు ఒక పరిశోధనను ప్రకటించారు. 54 మంది రోగులను రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి వారానికి మూడుసార్లు, సారికి 40 నిమిషాలు, 15 వారాలపాటు చేతులతోనూ కాళ్లతోనూ తొక్కే యంత్రం మీద వ్యాయామం చేయించారు. రెండోవర్గం వారు యథాప్రకారం ఉన్నారు. వ్యాయామం చేసినవారిలో శరీరం ప్రాణవాయువును వినియోగించుకొనే సామర్థ్యం 22 శాతం పెరిగింది. అప్పటివరకు నిషిద్ధమనుకొన్నది నిరపాయమని తేలడమే ఈ పరిశోధన చేసిన పెద్ద ఉపకారం.

ఆ తరువాత ఇటువంటి ప్రయోగాలు పదుల సంఖ్యలో జరిగాయి. వ్యాయామం వల్ల కొత్త దాడులు వస్తాయేమోనన్న భయాన్ని 2014లో వచ్చిన ఒక సమీక్ష తీర్చింది. 26 ప్రయోగాలలోని 1,295 మందిని పరిశీలించగా, వ్యాయామం చేయనివారిలో 6.3 శాతం మందికి దాడులు రాగా, చేసినవారిలో 4.6 శాతం మందికే వచ్చాయి. ఒళ్లునొప్పులు, బెణుకులవంటి చిన్న ఇబ్బందులు మాత్రం చేసినవారిలో కొంచెం ఎక్కువ: చేయనివారిలో 1.2 శాతం, చేసినవారిలో 2 శాతం. ఇక అలసట విషయానికి వస్తే, 2015లో కాక్రేన్ సంస్థ 45 ప్రయోగాలను సమీక్షించి, వ్యాయామం అలసటను కొంతమేరకు తగ్గిస్తుందని తేల్చింది. అలసినవానికి శ్రమే ఉపశమనం అన్నమాట వినడానికి విరుద్ధంగా తోచినా, లెక్కలు ఆ వైపే మొగ్గుతున్నాయి.

ఎంత, ఎలా?

2013లో కెనడా నిపుణులు ఈ వ్యాధిగ్రస్తులకోసం ఒక సులభమైన కొలత నిర్ణయించారు. వైకల్యం స్వల్పంగానో, ఒక మోస్తరుగానో ఉన్నవారు వారానికి రెండుసార్లు, సారికి 30 నిమిషాలు గుండెకూ ఊపిరికీ పనిచెప్పే వ్యాయామం చేయాలి. వారానికి రెండుసార్లు కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయాలి. అమెరికాలోని జాతీయ మల్టిపుల్ స్క్లీరోసిస్ సొసైటీ 2020లో కూర్చిన నిపుణుల బృందం ఇంకొంచెం ముందుకు వెళ్లి, వ్యాయామమూ రోజువారీ కదలికలూ కలిపి వారానికి 150 నిమిషాలు లక్ష్యంగా పెట్టుకోవాలని చెప్పింది. ఒక్కసారిగా కాదు, మెల్లగా, ఎవరి శక్తిని బట్టి వారు ఆ లక్ష్యానికి చేరుకోవాలి.

దీనికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. గోడకు ఆనించిన కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి, మళ్లీ నెమ్మదిగా కూర్చోవడం తొడలకు గొప్ప కసరత్తు. వంటగట్టు అంచు పట్టుకొని మడమలెత్తి దించడం పిక్కలకు బలమిస్తుంది. గోడవార నిలబడి ఒక పాదం ముందు మరో పాదం పెట్టి నడవడం తూలును అదుపులో ఉంచుతుంది. నడకలో మూడు నిమిషాలు నడిచి, ఒక నిమిషం కూర్చొని, మళ్లీ లేవడం మంచి పద్ధతి. ఎంత వేగంగా నడవాలన్నదానికి ఒక గుర్తు ఉన్నది: నడుస్తూ మాట్లాడగలగాలి, కాని పాట పాడగలిగేంత తీరిక ఉండకూడదు.

అవయవాల పొందిక తప్పినవారికి పంతొమ్మిదో శతాబ్దం చివర స్విట్జర్లాండులోని హైడన్ పట్టణ వైద్యుడు హైన్‌రిష్ ఫ్రెంకెల్ రూపొందించిన కసరత్తులు నేటికీ మన ఫిజియోథెరపీ కళాశాలలలో నేర్పుతారు. ఆయన వాటిని వేరొక నాడీవ్యాధికోసం తయారుచేశాడు. రోగి తన కాలిని కళ్లతో చూస్తూ, పైకి లెక్కపెడుతూ, నిదానంగా, ఒకే తూకంలో కదుపుతాడు. మొదట పడుకొని, తరువాత కూర్చొని, చివరకు నిలబడి. నాడి చెప్పలేని సంగతిని కన్నూ చెవీ కలిసి చెప్పడమే ఇందులోని కిటుకు.

వ్యాయామం తరువాత చూపు కాస్త మసకబారినా, కాలు తిమ్మిరెక్కినా బెదరనక్కరలేదు. విశ్రాంతి తీసుకొంటే సాధారణంగా అరగంటలో సర్దుకొంటుంది. అలాకాక ఒక కొత్త లక్షణం ఒకరోజుకు మించి నిలిచిపోతే, అది వ్యాయామపు పని కాదు, కొత్త దాడి కావచ్చు. అప్పుడు కసరత్తు ఆపి వైద్యుని చూడాలి. దాడి జరుగుతున్న రోజులలో విశ్రాంతే న్యాయం. అది తగ్గుముఖం పట్టిన తరువాత మళ్లీ మొదటిమెట్టు నుంచి ప్రారంభించాలి.

ఖరగ్‌పూర్ నుంచి చూస్తే

ఈ సూత్రాలన్నీ పుస్తకంలో సులభంగానే ఉంటాయి. వాటిని ఆచరణలో పెట్టడం ఎంత చిక్కో తెలియాలంటే ఖరగ్‌పూర్ వంటి పట్టణం నుంచి చూడాలి. పశ్చిమ బెంగాల్‌లోని ఈ రైల్వే పట్టణం తెలుగువారికి కొత్తది కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాలవారు వర్క్‌షాపులో ఖలాసీలుగా, ఫిట్టర్లుగా చేరి, మథురాకాటీ, నింపురా, ఓల్డ్ సెటిల్‌మెంట్, న్యూ సెటిల్‌మెంట్ వంటి పేటలలో తరాలుగా స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, షాపులో హిందీ, గోల్ బజార్‌లో బెంగాలీ మాట్లాడడం ఇక్కడివారికి అలవాటు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి నిర్ణయించినప్పుడు ఖరగ్‌పూర్ తెలుగువారి పేరు పత్రికలలో ప్రముఖంగా వచ్చింది.

ఈ ఊరి స్టేషను ప్లాట్‌ఫారం పొడవు 1,072.5 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్ దానిని మించేవరకు ప్రపంచంలో అదే అన్నిటికంటే పొడవైనదని పేరు. ఆరోగ్యవంతుడు ఆ చివరినుంచి ఈ చివరికి నడిచి రావడానికి పావుగంట చాలు. కాలు ఈడ్చే మనిషికి మాత్రం రైలు తన పెట్టెను ఎక్కడ ఆపుతుందన్నది ఆ పూట బాధను నిర్ణయించే విషయం.

రైల్వే ప్రధాన ఆసుపత్రి ఖరగ్‌పూర్‌లోనే ఉన్నది. కాని నాడీవైద్యంలో ప్రత్యేక నైపుణ్యం కావలసినప్పుడు దారి కోల్‌కతా వైపే. ఆగ్నేయ రైల్వే కేంద్ర ఆసుపత్రి గార్డెన్ రీచ్‌లో ఉన్నది. నాడీవ్యాధులకు ప్రత్యేకమైన బాంగుర్ సంస్థ కూడా ఆ మహానగరంలోనే ఉన్నది. ఖరగ్‌పూర్ నుంచి హౌరాకు దూరం సుమారు 115 కిలోమీటర్లు. లోకల్ రైలులో రెండున్నర గంటల పైమాట. హౌరాలో దిగిన తరువాత వంతెన, బస్సు, జనసమ్మర్దం వేరే. ఏడాదికి ఒకటి రెండుసార్లు పెద్ద వైద్యుని చూడడానికి ఈ ప్రయాణం తప్పదు. కాని వ్యాయామశిక్షణ ఏడాదికి రెండుసార్లు చేసేది కాదు, వారానికి రెండుసార్లు చేసేది.

నింపురా క్వార్టర్లలో ఉండే ముప్ఫైరెండేళ్ల ఇల్లాలిని ఊహించుకోండి. భర్త వర్క్‌షాపులో ఫిట్టరు. కొడుకు రెండో తరగతి. ఆమెకు వ్యాధి తేలి ఏడాది అయింది. కుడికాలు బరువు. మధ్యాహ్నానికి ఒళ్లు సోలిపోతుంది. కోల్‌కతాలోని వైద్యుడు వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి రమ్మన్నాడు. వెళ్లాలంటే తెల్లవారి లేచి వంట ముగించాలి. తోడుకు భర్త సెలవు పెట్టాలి. రానుపోను అయిదారు గంటల రైలు ప్రయాణం. అరగంట కసరత్తుకోసం వెళ్లి, ఇంటికి వచ్చి రెండురోజులు మంచం దిగలేని స్థితి. మూడోవారానికి ఆమె మానేస్తుంది. అత్తగారు ‘పనేమీ ముట్టుకోకమ్మా, పడుకో’ అంటుంది ప్రేమతోనే. ఇక్కడ రోగి పట్టుదల లోపించలేదు, శిక్షణా పనికిమాలినది కాదు. శిక్షణ ఇవ్వవలసిన బలాన్ని ప్రయాణమే తినివేసింది.

దీనికి వేసవి తోడు. వైశాఖ జ్యేష్ఠాలలో ఈ ప్రాంతంలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం సాధారణం. ఎండకంటే ఉక్క మరీ చెడ్డది. చెమట ఆరనప్పుడు ఒళ్లు చల్లబడదు, అర డిగ్రీకే తడబడే నాడులకు అది పెద్ద శిక్ష. పగటి రైలులో నిలబడి నగరానికి వెళ్లవలసిన రోగికి అదొక ఆటంకం. ఇంటి వద్దనైతే తెల్లవారుజామున, పంకా కింద, తడిపిన తువ్వాలు మెడచుట్టూ వేసుకొని, చల్లని నీరు తాగి కసరత్తు మొదలుపెట్టవచ్చు.

తెర మీది శిక్షకుడు

దూరాన ఉన్న రోగికి ఇంటి వద్దనే వ్యాయామం నేర్పడం అనే ఆలోచన సెల్‌ఫోనుతో పుట్టినది కాదు. 2008లో అమెరికా పరిశోధకులు 130 మంది మల్టిపుల్ స్క్లీరోసిస్ రోగులతో ఒక ప్రయోగం ప్రకటించారు. అందులో ఒక వర్గంవారికి ఒక్కసారి ముఖాముఖి సంభాషణ, ఆ తరువాత ఐదుసార్లు మామూలు టెలిఫోనులో సలహా, అంతే. ఆ మాత్రం పలకరింపుతోనే వారు సలహా అందనివారికంటే ఎక్కువగా ఆరోగ్యపు అలవాట్లు పాటించారు. యంత్రం గొప్పదా కాదా అన్నది కాదు ముఖ్యం. అవతలి కొసన ఒక మనిషి ఉండి, ‘ఈ వారం ఎన్నిసార్లు చేశారు?’ అని అడగడం ముఖ్యం.

ఆ తరువాత పద్ధతులు మూడు రకాలుగా పెరిగాయి. మొదటిది టెలిఫోను సలహా. రెండవది ముందే తీసి పెట్టిన దృశ్యపాఠాలు. మూడవది శిక్షకుడు అటునుంచి చూస్తుండగా రోగి ఇటునుంచి చేసే ప్రత్యక్ష తరగతి. 2015లో కాక్రేన్ సంస్థ వీటిని పరిశీలించేనాటికి దొరికినవి 9 ప్రయోగాలు, 531 మంది రోగులు మాత్రమే. ఆధారం బలహీనంగా ఉన్నదని ఆ సమీక్ష నిష్కర్షగా చెప్పింది. తరువాత అమెరికాలో ‘స్టెప్ ఫర్ ఎం.ఎస్.’ అనే పెద్ద ప్రయోగం చేపట్టారు. నడక, కండరబలం పెంచే ఒకే శిక్షణను 16 వారాలపాటు ఒక వర్గం కేంద్రానికి వచ్చి, మరో వర్గం ఇంటి వద్ద దూరశిక్షకుని సాయంతో చేయాలి. ఫలితాన్ని కొలవడానికి ఎన్నుకొన్న ముఖ్యమైన పరీక్ష 25 అడుగుల దూరాన్ని ఎన్ని సెకండ్లలో నడిచారన్నది. వ్యాయామం మంచిదా అని కాక, ఎక్కడ చేస్తే మంచిది అని శాస్త్రజ్ఞులు అడిగే స్థితి వచ్చింది. ఇటీవలి సమీక్షలను మొత్తంగా చూస్తే, మార్గదర్శకత్వంతో ఇంటి వద్ద చేసే వ్యాయామం ఏమీ చేయకపోవడం కంటే స్పష్టంగా మేలు. పలు విషయాలలో అది కేంద్రంలో చేసిన వ్యాయామానికి దగ్గరగానే నిలుస్తున్నది.

అయితే తెర చేయలేని పనులు కొన్ని ఉన్నాయి. కండరంలో బిగువు ఎంత ఉన్నదో చేత్తో పట్టుకొంటేగాని తెలియదు. పడిపోబోయే మనిషిని తెరలోంచి చేయి చాచి పట్టుకోలేరు. కాలు ఈడుస్తున్న కారణం నీరసమా, బిగుసుకుపోవడమా, అడుగు ఆనవాలు తెలియకపోవడమా అన్నది దగ్గరనుంచి పరీక్షించి తేల్చవలసినదే. మూడింటికీ కసరత్తు వేరు. అందుచేత వివేకులైన శిక్షకులు రెండింటినీ కలుపుతారు. మొదటిసారి ఆసుపత్రిలో ప్రత్యక్ష పరీక్ష: 25 అడుగుల నడక, కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి తిరిగివచ్చి కూర్చోవడానికి పట్టే సమయం, తూలు, కండరబలం. అన్నీ కాగితం మీద రాసి, ఆ మనిషికి సరిపడిన కసరత్తుల జాబితా ఇస్తారు. ఆ తరువాత వారాల తరబడి ఇంటి వద్ద, ఫోను మీద. మూడునెలలకొకసారి మళ్లీ ప్రత్యక్షంగా కొలత. అప్పుడు హౌరా ప్రయాణం ఏడాదికి నూరుసార్లు కాక నాలుగుసార్లు అవుతుంది.

ఇంటి వద్ద చేసేటప్పుడు కొన్ని జాగ్రత్తలు తప్పవు. మొదటి వారాలలో ఇంట్లో మరొకరు ఉండాలి. నేల తడిలేకుండా, చాపలూ తివాచీలూ తీసివేసి ఉండాలి. ఫోను చేతిలో పట్టుకోకూడదు. తల నుంచి పాదం వరకు కనిపించేలా బల్ల మీద బిందెకో, పుస్తకాల దొంతరకో ఆనించి నిలపాలి. కుర్చీకి చక్రాలు ఉండకూడదు. చేసిన రోజు కేలండరు మీద గుర్తుపెట్టుకోవాలి. శిక్షకునికి అన్నిటికంటే ఎక్కువ సమాచారమిచ్చేది ఆ కేలండరే.

ఖరగ్‌పూర్ వంటి ఊరికి దూరశిక్షణ వల్ల మరో లాభం ఉన్నది. అది భాష. ‘బరువు మడమ మీద వేయండి, మోకాలు లోపలికి పోనివ్వకండి’ అన్న సూచన పరభాషలో సగమే బోధపడుతుంది. బజారులో బెంగాలీ ధారాళంగా మాట్లాడే గృహిణికి కూడా తన కాలి తిమ్మిరిని, మూత్రపు ఇబ్బందిని వర్ణించడానికి తల్లిభాషే కావాలి. తెర మీదనైతే శిక్షకుడు విశాఖపట్నంలోనో, హైదరాబాదులోనో ఉండి తెలుగులో చెప్పవచ్చు. వైద్యులు దూరంనుంచి సలహా ఇచ్చేందుకు భారత ప్రభుత్వం 2020 మార్చి 25న మార్గదర్శకాలు ప్రకటించింది. ఈ-సంజీవని అనే ప్రభుత్వ సేవ అంతకు ముందే, 2019లో మొదలయింది. తోవ పడినది. దానిమీద వ్యాయామశిక్షణ కూడా క్రమంగా నడవాలి.

ఉద్యోగభయం

రైల్వే పట్టణంలో ఈ వ్యాధికి మరొక ముఖం ఉన్నది. రైల్వేలో ప్రతి ఉద్యోగానికీ ఏ-1 నుంచి సీ-2 వరకు ఒక వైద్యశ్రేణి ఉంటుంది. రైలు నడిపేవానికి చూపు, వినికిడి, చురుకుదనం మీద కఠినమైన పరీక్షలు. ఆ శ్రేణికి తగడని తేలితే ‘మెడికల్ డీకేటగరైజేషన్’ అంటారు. ఈ మాట వింటేనే కార్మికుల గుండె జల్లుమంటుంది. అందుకే చూపు మసకబారిన సంగతి, కాలు తడబడిన సంగతి కొందరు దాచుకొంటారు. సిక్‌లో పడితే మళ్లీ ఫిట్ సర్టిఫికెట్ వస్తుందో రాదోనని భయపడతారు. దాచడం వల్ల చికిత్స ఆలస్యమవుతుంది. రైలు నడిపే ఉద్యోగంలోనైతే అది వందలమంది ప్రాణాలతో ముడిపడిన విషయం.

చట్టం ఈ భయాన్ని చాలావరకు తీర్చింది. 1995 నాటి చట్టం గుర్తించిన వైకల్యాలలో మల్టిపుల్ స్క్లీరోసిస్ పేరు లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను గుర్తించి, వాటిలో దీనిని పేరు పెట్టి చేర్చింది. ఆ చట్టం 20వ విభాగం ప్రకారం, ఉద్యోగంలో ఉండగా వైకల్యం పొందిన ప్రభుత్వోద్యోగిని తొలగించరాదు, హోదా తగ్గించరాదు. చేస్తున్న పనికి తగకపోతే అదే వేతనశ్రేణితో వేరొక పని ఇవ్వాలి. అట్టి పని దొరికేవరకు అదనపు పోస్టులోనైనా ఉంచాలి. ఈ సంగతి తెలిసిన ఫిట్టరు తన జబ్బును దాచనక్కరలేదు. తొందరగా చెప్పుకొన్నవానికి తొందరగా మందు, తొందరగా వ్యాయామం అందుతాయి. కాలి బలం నిలిచినన్నాళ్లు పాత పనిలోనే కొనసాగే అవకాశమూ పెరుగుతుంది.

ఒంటరివారు కారు

ఈ వ్యాధి అరుదైనది కనుక, ఒక పేటలో రోగి తనవంటి మరొకరిని చూసే అవకాశం తక్కువ. 1985లో ముంబైలో రెహ్మత్ ఫజల్‌భాయ్ భారత మల్టిపుల్ స్క్లీరోసిస్ సొసైటీని స్థాపించారు. ఆమె స్వయంగా ఈ వ్యాధిగ్రస్తురాలు. ఆ సొసైటీకి నేడు కోల్‌కతాలోనూ, హైదరాబాదులోనూ శాఖలున్నాయి. ఏటా మే 30వ తేదీని ప్రపంచ మల్టిపుల్ స్క్లీరోసిస్ దినంగా పాటిస్తారు. సాటి రోగులతో మాట కలిపినవారు వ్యాయామాన్ని విడువకుండా కొనసాగించడం తేలిక అవుతుంది. ఒక్కరే చేసే కసరత్తు వారం రోజుల ముచ్చట, నలుగురూ అడిగే కసరత్తు అలవాటు.

ఇక ఇంటివారు చేయవలసినది కొంత ఉన్నది. రోగి చేయగల పనిని ఆమె చేతిలోంచి లాక్కోకూడదు. కూరలు కూర్చొని తరగనివ్వాలి, బట్టలు నాలుగు మడతపెట్టనివ్వాలి. మధ్యాహ్నపు అరగంట విశ్రాంతి తీసుకొంటే దెప్పకూడదు. తెల్లవారుజామున కసరత్తు చేసే ఇరవై నిమిషాలు పిల్లవాణ్ణి మరొకరు చూసుకోవాలి. కుర్చీ పక్కన ఒకరు నిలబడి లెక్కపెట్టాలి. మొదటివారం ఆమె కుర్చీలోంచి ఐదుసార్లు లేస్తే చాలు. పై వారం ఆరుసార్లు. ఆరోవారంలో అలసట ఎక్కువై నాలుగుసార్లే లేస్తే, ఆ నాలుగూ కేలండరు మీద రాసి, మరునాడు మళ్లీ మొదలుపెట్టాలి.